పూడ్చిన మడుగు

ఎన్ని కప్పల్ని తెచ్చి వదిలినా కొత్త మడుగులో ఒక్కటీ ఎందుకు నిలవడం లేదో పిచ్చయ్యకు అంతుపట్టలేదు. డ్యాం కాలువ వచ్చిన కొత్తలో గుంటూరు వైపు నుంచి ఈ ఊరికి వచ్చి, పాత మడుగును పూడ్చి దానిమీదే ఇల్లు కట్టుకున్నాడు. కప్పలు పోయాయి, వెనకే కొంగలూ పోయాయి. వాటిని మళ్లీ రప్పించాలనే పొలం చివర ఈ మడుగు తవ్వించాడు.

"అవి పాత తావుకే పోతాండాయప్పా," అంది కూలికి వచ్చే బసవమ్మ.

"అయితే మా ఇంట్లో కాపురం పెడతాయంటావా?" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ రాత్రి గట్టు మీద ఎంతసేపు కూర్చున్నా చప్పుడు లేదు. ఇక రావనుకుని ఇంటికొచ్చి దీపం ఆర్పగానే కప్పలు అరిచాయి. మంచం కింద, గచ్చు లోపలి నుంచి. తడిమి చూస్తే నేల పొడిగానే ఉంది. గడ్డపార తెచ్చేసరికి అరుపులన్నీ ఒక్కసారిగా ఆగాయి, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు.

పిచ్చయ్య మొదటి పోటు పొడిచాడు.