కాపు దిగిన చెట్టు

"మేస్టారండీ, సీమ ఎరువు పోసినా మామిడి పూతంతా రాలిపోతోందండి," అన్నాడు పెంటపాడు తోట నుంచి వచ్చిన పాలేరు సింహాచలం.

సైన్సు మేస్టారు పాపారావు వెక్కిరింతగా నవ్వాడు. "పూతొచ్చాక పోస్తే ఏం లాభంరా మొద్దూ? పిందె నిలిపే సత్తువ పూవుకి నిరుడు కాపు దిగగానే పెట్టిన నత్రజనితో వస్తుంది. కాసి అలిసిన చెట్టుని మాడ్చేవాడు మనిషేనా?"

పురిటిగదిలో అతని భార్య రత్నాంబ అంతా విన్నది. ఒళ్లో పసివాడు పాలు చాలక గుక్కపట్టాడు. తొలిచూలు బిడ్డ ఇలాగే పోయాడు. ఎదురుగా, పథ్యమంటూ అత్తగారు పెట్టిన గుప్పెడు కారప్పొడి అన్నం.

కంచాన్ని గుమ్మంలోకి తోసింది.

"ఏవండీ, మాడ్చేవాడు మనిషి కాదన్నారుగా. ఇది చూసి చెప్పండి."

పాపారావు కంచం అందుకున్నాడు. వంటింటి వైపు తిరిగాడు.

"అమ్మా, నెయ్యిగిన్నె ఎక్కడుంది?"