శనక్కాయల చర్చి

చర్చి గంట గణగణ మోగేసరికి పుల్లన్న చేతిలోని సంగటి ముద్ద మళ్లీ పళ్లెంలోనే పడింది. ఎంగిలి చేత్తోనే తలుపు మూసి లోపల గడియ పెట్టాడు.

ఆ ఊళ్లో గంట మోగిందంటే అవతలి పార్టీవాళ్లు జీపుల్లో దిగారని అర్థం. తెల్లదొరలు ఆ చర్చి కట్టిన రోజుల్లో గంట వింటే జనం ప్రార్థనకు పోయేవాళ్లట, కరువొచ్చిన ఏడు గంజికి పరుగెత్తేవాళ్లట. తర్వాత ఆ గోడల మధ్య బడి నడిచింది, పోలీసులు మకాం పెట్టారు. ఇప్పుడు ముందు సగం ఊరి నాయకుడు మల్లికార్జున పార్టీ ఆఫీసు, వెనక సగం ఆయన శనక్కాయల గోడౌను. గంట మోగితే ఆడవాళ్లూ ముసలాళ్లూ తలుపులు బిగించుకోవాలి, మగవాళ్లు వేటకొడవళ్లతో చర్చి దగ్గరికి ఉరకాలి. ఇదీ మల్లికార్జున పెట్టిన కట్టడి.

ఆ రోజు మగవాళ్లంతా ట్రాక్టర్లెక్కి ప్రొద్దుటూరు మీటింగుకు పోయారు. ఊరికి కాపలాగా పుల్లన్నను వదిలారు. "నేనుండంగ ఒగ పురుగు గూడ ఊర్లోకి రాదు, మీరు పోండప్పా!" అని పొద్దున మీసం మెలేసింది ఆయనే.

ఆ పుల్లన్నే ఇప్పుడు మూలనున్న వేటకొడవలి అందుకున్నాడు. అందుకుని మంచం కింద దూరాడు.

"ఏందిరా ఇది?" అంది ముసలి తల్లి అంకాలమ్మ. "నిన్ను కాపలాకని గదా పెట్టి పోయినారు. లెయ్!"

"అరవొద్దుమా. శానామంది దిగినట్టుండారు."

"కోడలు బయటుండాది రా. సంగటి నీ ముందర పెట్టి ఇప్పుడే గదా పాయె!"

"యాదో ఒగ ఇంట్లోకి దూరింటాదిలే."

అన్నాక తన మాట మీద తనకే రోత పుట్టింది. అయినా మంచం కింద నుంచి బయటికి రాలేదు.

గంట ఆగింది. వీధిలో ఎవరో పరుగెత్తుతూ ఇంటింటి తలుపూ దబదబ బాదుతున్నారు. చివరికి పుల్లన్న తలుపు దగ్గరికే వచ్చారు.

"పుల్లన్నా! ఓ పుల్లన్నా! తలుపు తియ్యప్పా!"

ఆ గొంతు సంజీవయ్యది. అవతలి పార్టీలో ముందు నడిచే మనిషి.

"తియ్ రా. పాపం, బతిమాలుతాండాడు" అంది అంకాలమ్మ.

"అంతా నాటకంమా. తీస్తే నరుకుతారు" అని గుసగుసలాడి, పుల్లన్న మంచం కింది నుంచే చెయ్యి చాచి తల్లి కొంగు గుంజాడు. ఆ తలుపు మోత తన గుండెల మీదే పడుతున్నట్టుంది. కాసేపటికి కాళ్ల చప్పుడు దూరమైంది.

చాలాసేపు గడిచాక, చర్చి దాకా పోయి చూసొచ్చిన పక్కింటి ఖాతూన్‌బీ కేకేసింది. "జీపుల్లేవు, ఏం లేవు! తలుపులు తియ్యండి!"

అప్పుడు ఉరికాడు పుల్లన్న. కొడవలి పైకెత్తి, ఊరంతా ఇప్పటిదాకా గాలించి వచ్చినవాడిలా "యాడ్రా వాళ్లు? యాడ?" అని అరుస్తూ.

"యాడా ల్యారు" అంది ఖాతూన్‌బీ. "గోడౌన్లో శనక్కాయ మూటలు కూలి, కాయలు ఏరేకి పోయిన మనిషి మింద పడినాయి. రోడ్డు మింద బస్సుకు నిలబడిన సంజీవయ్య ఆ కేక ఇని ఉరికొచ్చినాడు. ఒక్కనితో కాక గంట కొట్నాడు. ఇల్లిల్లూ తిరిగినాడు. ఒక్కరు తీస్తే ఒట్టు! ఆకరికి తనే ఒక్కొక్క మూటా లాగినాడు."

"ఎవురు? ఆ మనిషెవురు?"

ఖాతూన్‌బీ చర్చి వైపు చెయ్యి చూపింది.

చర్చి గుమ్మంలో పుల్లన్న ఆగిపోయాడు. లోపల నాపబండ మీద ఆయన పెళ్లాం తిరుపాలమ్మ ఉంది. కాలు విరిగి వాచిపోయింది. సంజీవయ్య గుమ్మానికి వీపు పెట్టి, తన తలగుడ్డ చింపి ఆ కాలికి కట్టు కడుతున్నాడు. ఆయన అరచేతులు గోనె తాళ్లకు కోసుకుపోయి ఉన్నాయి.

"మీ తలుపు శానాసేపు కొట్టినా మా" అంటున్నాడు. "లోపల గడియ పెట్టినట్టుండాది. మీ ఆయప్ప యాడికి పోయినాడు?"

తిరుపాలమ్మ తలెత్తింది. సంజీవయ్య భుజం మీదుగా, కొడవలి పట్టుకుని నిలబడిన మొగుణ్ణి చూసింది. ఆ చూపుకు పుల్లన్న సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె మెల్లగా కళ్లు దించుకుంది.

"ఆయప్ప ఊర్లో ల్యాడన్నా. పొద్దున్నే అందురితో పాటు ప్రొద్దుటూరికి పాయె."