పార్టీకి నచ్చలేదు

కత్తి మూడోసారి వెనక్కొచ్చింది.

“పార్టీకి నచ్చలేదండీ,” అన్నాడు కళావస్తువుల కొట్టాయన, పెట్టె బల్లమీద పెడుతూ. “పిడి దగ్గర వెండి కాస్త ఎక్కువ మెరుస్తోందట.”

“వెండి మెరవక మసిబారుతుందా?” పళ్ళ మేస్త్రి గయ్యిమన్నాడు. “అసలెవడండీ వాడు? ఒక్కసారి చూపించండి. ఉన్న పళ్ళన్నీ ఉచితంగా పీకిపెడతాను.”

“పేరు చెప్పకూడదన్నది మొదటి షరతు కదండీ,” అంటూ కొట్టాయన చెప్పుల్లో కాళ్ళు దూర్చి జారుకున్నాడు.

పళ్ళ మేస్త్రి నిజానికి కత్తులవాడు కాదు. ముప్ఫై ఏళ్ళు పళ్ళ డాక్టర్లకు బంగారు తొడుగులూ, కట్టుడు పళ్ళూ చేసిపెట్టిన మనిషి. ఊళ్ళో సగంమంది ఆయన పళ్ళతోనే నవ్వేవాళ్ళు, ఆ పళ్ళతోనే ఆయన్ని తిట్టేవాళ్ళు. తర్వాత మెషీను వచ్చింది. పొద్దున కొలతిస్తే మధ్యాహ్నానికల్లా పన్ను ఉమ్మేస్తుంది.

మేస్త్రి దుకాణం మూసి ఇంట్లో కూర్చున్నాడు. ముందు గోడగడియారం విప్పాడు. తర్వాత మిక్సీ విప్పాడు. రెండూ మళ్ళీ బిగించలేదు. కొన్నాళ్ళకి విప్పడం కూడా మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనానికి పిలిస్తే “ఇప్పుడేగా తిన్నాను” అనేవాడు. తిన్నది నిన్న.

అలాంటి రోజుల్లో తగిలింది ఈ బేరం. కత్తికి ఉక్కు అలుగు, అంటే కోసే భాగం, పార్టీవాళ్ళే ఇస్తారు. రాగి, ఇత్తడి, వెండి రేకులు పొరలుగా అతికి, సాగగొట్టి, కర్రలో గీతల్లా కనబడేలా, అలుగూ పిడీ కలిసేచోట పట్టీ చెయ్యాలి. నల్లటి చేవకర్రతో పిడి. పిడిలో సన్నటి బంగారు తీగ పొదగాలి. లోహాలు పార్టీవే. కూలి మాత్రం పని నచ్చాకే.

రెండో షరతు వినగానే మేస్త్రి గొంతులో వెలక్కాయ పడింది. కర్రపని ఆయన బావమరిదే చెయ్యాలట. చేవ తెలిసిన వడ్రంగి ఊళ్ళో అతనొక్కడేనట.

బావా బావమరుదులకు మాటల్లేవు. ఎవరిదో పెళ్ళివిందులో బావమరిది మైకు పట్టుకుని నాలుగు మంచి ముక్కలు చెబుతుంటే, బావ చేసిన కట్టుడు పళ్ళు ఊడి పెళ్ళికూతురి ఒళ్ళో పడ్డాయి. ఆ రోజు నుంచి అతను ఈ గడప తొక్కలేదు. పళ్ళూ పెట్టుకోలేదు.

“వాడొస్తే నేను కాఫీ కూడా ఇవ్వను,” అంది మేస్త్రి భార్య. “మీరిద్దరూ కొట్టుకుంటే మధ్యలో నన్ను పిలవద్దు.”

మేస్త్రి కాళ్ళబేరానికి వస్తే, సణుక్కుంటూనే తమ్ముడికి కబురు పంపింది.

వెనక గది పనిగది అయింది. ఒక మూల కొలిమి, ఒక మూల చిత్రిక పొట్టు. కాఫీ ఇవ్వనన్న మనిషి మధ్యలో గ్లాసులు పట్టుకుని నిలబడేది.

“అక్కా, ఆ పట్టీ లావైందని ఆ మనిషితో చెప్పు.”

“పిడి అరగదీసుకోమని ఆ మనిషితో చెప్పు.”

“చెవులు ఇద్దరికీ ఉన్నాయి,” అనేది ఆవిడ. “పళ్ళే ఒకరికి లేవు.”

మొదటిసారి కత్తి తిరిగొచ్చింది, బరువు ఎక్కువని. రెండోసారి, బంగారు తీగ వంకర పోయిందని. ఆ రెండోసారి, ఇన్నేళ్ళకి, బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడుకున్నారు. ఇద్దరూ కలిసి తిట్టడానికి ఒకడు దొరికాడు మరి.

“పనీపాటా లేని జమీందారు అయ్యుంటాడు బావా. ఇంత పొడుగు మీసాలు.”

“జమీందారా, పాడా! ఆ బంగారం చూశావా? అరిగి అరిగి ఉంది. ఏ పిచ్చితల్లి ఒంటిమీద నుంచో ఊడబెరికి ఉంటాడు. పరమ పిసినారి వెధవ.”

“ముక్కుమీద ఈగ వాలినా వంక పెట్టేరకం.”

“ఇలాంటి శాల్తీతో కాపురం చేసేవాళ్ళెవరో గానీ, వాళ్ళ కాళ్ళకి దండం పెట్టాలిరా,” అన్నాడు మేస్త్రి.

“పెట్టండి,” అంది భార్య, గ్లాసులు ఠంగుమని దించి.

ఆ పూట కూర ఉప్పు కషాయం.

ఇప్పుడీ మూడోసారి మేస్త్రి వెండికి పొగ పట్టించి, తుడిచి, మళ్ళీ పట్టించాడు. బావమరిది పిడికి నూనె రుద్ది, గుడ్డతో తోమి, చెంపకి ఆనించి చూసుకున్నాడు. చివరికి లోహం ఎక్కడ ఆగిందో, కర్ర ఎక్కడ మొదలైందో చేసినవాళ్ళకే తెలియలేదు. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

“నా పళ్ళు కూడా ఇంత శ్రద్ధగా చేసుంటే నీ సొమ్మేం పోయేది బావా?”

“నోరు తెరు. కొలత తీసుకుంటా.”

ఈసారి కత్తి తిరిగి రాలేదు. కొట్టాయన కబురు పెట్టాడు, పార్టీకి నచ్చిందని. బావమరిది కొత్త పళ్ళు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని కొట్టుకి పరిగెత్తారు, ఆ జమీందారు మొహం ఒక్కసారి చూసి తీరాలని.

“పొద్దున్నే పట్టుకెళ్ళిపోయారండీ,” అన్నాడు కొట్టాయన. “చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. మీ కూలి తర్వాత చూస్తామన్నారు. సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.”

“సంచిలోనా!” బావమరిది కొత్త పళ్ళు పటపటలాడించాడు. “మఖమలు పెట్టె ఇచ్చాం కదయ్యా!”

దారంతా ఇద్దరూ ఆ జమీందారు ఏడు తరాలనూ వరసపెట్టి కడిగారు. వీధి మలుపు తిరిగేసరికి తిట్లు అయిపోయాయి.

“రేపట్నుంచి ఏం చేద్దాం బావా?”

మేస్త్రి మళ్ళీ కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు. తలుపు తోసుకుని లోపలికెళ్ళి, మంచినీళ్ళ కోసం వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు.

భార్య ఆ కత్తితోనే టమాటాలు తరుగుతూ, తలెత్తకుండా అంది: “వచ్చారా, దీనికి జతగా చిన్నది ఇంకోటి కావాలి.”