సీలు వేసిన సిఫారసు

"సారు నా గురించి ఏం రాస్తున్నారు బాబాయ్?"

గుమాస్తా టైపు ఆపలేదు. "మంచే రాస్తారు."

"మంచి రాస్తే పదకొండు యూనివర్సిటీలు ఎందుకు కాదంటాయి?"

పరిశోధకురాలు అతని బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. డాక్టరేటు వచ్చి నాలుగేళ్లయింది. ఎక్కడైనా పోస్ట్‌డాక్ దొరికితే సొంతంగా ఏదైనా చేద్దామని ఆశ. అప్పటిదాకా ఇక్కడే, గైడు దయతలిచి ఆరేసి నెలలు పొడిగించే కొలువు. వచ్చే నెలలో ముప్పై అయిదు నిండుతాయి. ఆ తరవాత పోస్ట్‌డాక్‌కు దరఖాస్తు పెట్టే అర్హతే ఉండదు. ఇదే ఆఖరిది.

దరఖాస్తుకి గైడు సిఫారసే ప్రాణం. అది అభ్యర్థి కంట పడకూడదని రూలు. సారు చెబుతారు, గుమాస్తా టైపు చేస్తాడు, సారు సంతకం పెడతారు, కవరుకి లక్క సీలు పడుతుంది.

"మొన్నటి జవాబు చూశావా? 'మీ దరఖాస్తును పరిశీలించలేకపోయాము.' అందరిదీ అదే ముక్క."

"పెద్దవాళ్లు కదమ్మా. అంతకన్నా రాసే తీరికుండదు."

"కాదు బాబాయ్. సారుకి నన్ను వదలడం ఇష్టం లేదు. నేనూ పోతే ఈ ల్యాబులో పనిచేసేవాళ్లుండరు. మూసేస్తారు."

"మూస్తే ఆయనకేం? మేడ మీద ఇంకో గదిస్తారు. నన్నే పరీక్షల విభాగంలో పడేస్తారు. అక్కడ కిటికీ లేదు, కుర్చీకి చేతులూ లేవు."

ఆమెకి నవ్వొచ్చింది. అంతలో సారు వచ్చి, టైపయిన సిఫారసు కాగితం మీద సంతకం గీకారు.

"ఈసారీ రాకపోతే బెంగపడకమ్మా. ఇంకో ఆర్నెల్లు పొడిగిస్తాను. ఇక్కడ నీకేం లోటు?"

ఆయన క్లాసుకి వెళ్లిపోయాక ఆమె గొంతు తగ్గించింది. "విన్నావుగా. ఒక్కసారి చూపించు బాబాయ్. నాకు తెలిసిపోవాలి."

"రూలు ఒప్పుకోదమ్మా."

ఆమె లేవలేదు. గుమాస్తా తలుపు వంక చూసి, కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. "చదివి మర్చిపో."

ఆమె చదివింది. 'నా సర్వీసులో ఇంతటి విద్యార్థి మరొకరు రాలేదు. ఈమె లెక్కలో తప్పుంటే ముందు ఈమే పట్టుకుంటుంది. వదులుకోవడం నాకు నష్టం. తీసుకోకపోతే మీకు.'

కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నాను బాబాయ్."

"పోనీలే, ఆయనకి వినపడలేదుగా."

"అంటే లోపం నాలోనే ఉందన్నమాట."

"అదేం మాట తల్లీ. టైము కలిసిరాలేదంతే." కాగితం మడిచి కవరులో పెట్టాడు. లక్క కరిగించి, ముద్ర ఒత్తి, ఊదాడు.

"ఇటివ్వు, వెళ్తూ వెళ్తూ పోస్టులో వేస్తాను."

"నీ చెయ్యి తగిలితే చెల్లదమ్మా. నాలుగింటి టపా ఉందిగా. నువ్వెళ్లి ముఖం కడుక్కో."

"సొంత బాబాయ్ కూడా ఇంత చెయ్యడు," అంటూ ఆమె లేచింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికంటా దిగి ఆగిపోయింది.

గుమాస్తా ఆ కవరును మిగతా పదకొండింటి మీద పెట్టి సొరుగు మూశాడు.