లైనులో మూడో మనిషి

"నువ్వు ఆ పూట లైన్ల లేవు. గంతే యాది పెట్టుకో," అన్నాడు దర్జీ రామ్‌చందర్, కుట్టుమిషను ఆపి.

"ఉన్న గద," అన్నాడు బీరయ్య. "రాజన్న ఎన్క మూడో మనిషిని నేనే."

"ఉంటివి. మేమందరం ఉంటిమి. కానీ ఎవ్వరం చూడలే. గల్లీ అంత ఒక్కటే మాట అనుకున్నం. రేపు పెద్ద సాబ్ విచారణకొస్తే కొట్టినోని మొకం చూడలేదనే అంటం. పోలీసు చౌకీ వాళ్లు గూడ గట్లనే రాసిన్రు. ముగ్గురు జవాన్లు డ్యూటీల ఉండిన్రు, ఎవరి చెయ్యి జారిందో తెల్వదని. నువ్వు ఫికర్ చేయకు బీరన్నా."

బీరయ్య పాలబిందె భుజం మార్చుకుని కదిలాడు.

యుద్ధం రోజులు. లాల్‌దర్వాజాలో రేషను గింజలిచ్చే కంట్రోలు దుకాణం ముందు పొద్దున్నే లైను కట్టేవారు. నాలుగు రోజుల కిందట సున్నాలు వేసే రాజన్న, తనకు జొన్నలు తక్కువ కొలిచారని, మళ్లీ కొలిచేదాకా జరగనని అక్కడే నిలబడ్డాడు. జవాను వచ్చి జరగమన్నాడు. రాజన్న జరగలేదు. మొదటి లాఠీదెబ్బ వీపున పడింది.

ఆ క్షణాన తను అనుకున్న మాట బీరయ్యను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. సర్కారు మనిషికి ఎదురు చెప్పొచ్చా అనుకున్నాడు. అంతకు ముందు, ఖాకీ బట్టల్లో ఆ జవాను వచ్చి నిలబడగానే నలభై మంది చప్పుడు చేయకుండా వరుసలోకి వస్తే, అది చూసి ముచ్చటపడ్డాడు కూడా. రెండో దెబ్బకు 'ఇగ చాలు' అన్న మాట గొంతుదాకా వచ్చింది. మూడో దెబ్బకు రాజన్న కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు బీరయ్యకు స్పష్టంగా వినిపించింది. మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

బీరయ్య వెళ్లేసరికి రాజన్న తన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతికి వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. బీరయ్య పాలు గిన్నెలో పోసి, గడప దగ్గరే కూలబడ్డాడు.

"దవాఖానల ఏమన్నరు?"

"అతుకుతది అన్నరు. పైకి లేవదట."



"ఆగుమని ఒక్క మాట అనాల్సి ఉండె రాజన్నా. నేను అంటే ఆగుతుండె."

"ఎందుకు అనలేవో నాకెర్కలేదా? నీ జాగల నేనున్నా నాకూ మాట రాకపోతుండె." రాజన్న ఎడమచేత్తో అతని మోకాలు తట్టాడు. "రేపు నువ్వు ఆడికి రాకు. మెట్ల మీద జారి పడ్డనని నేనే చెప్త."

లోపలినుంచి రాజన్న భార్య మాణిక్యమ్మ వచ్చింది. పాలగిన్నె తీసుకోలేదు.

"ఆయన గట్లనే అంటడు అన్నా. నేను అనను. ఇరవై ఏండ్లు కుంచె పట్టిన చెయ్యి. లైన్ల నలభై మంది ఉండిన్రు. 'చూసిన' అనెటోడు ఒక్కడు లేడా?"

"ఊకో," అన్నాడు రాజన్న.

బీరయ్య ఆమె ముఖంలోకి చూడలేక లేచి వెళ్లిపోయాడు.

ఇంట్లో భార్య బాలమ్మ మధ్యాహ్నం అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. అతను ముద్ద కలిపి, అలాగే వదిలేశాడు.

"రేపు పోత," అన్నాడు.

"పోయి?"

"చూసింది చెప్త."

బాలమ్మ లేచి అతని కాళ్లు పట్టుకుంది. "నువ్వు నోరు తెరిస్తే ఈ ఇల్లు మునుగుతది. నౌకరీలల్ల ఉన్నోళ్లు వందసార్లు చెయ్యెత్తుతరు, ఎవరడుగుతున్నరు? నువ్వు చెప్పి చేతులు దులుపుకుంటవు. మళ్ల నేనెట్ల బతకాలె?"

"దులుపుకునేది కాదు బాలీ," అన్నాడతను.

మరునాడు పెద్ద సాబ్ చౌకీ వరండాలో కుర్చీ వేయించుకున్నాడు. పక్కన మున్షీ కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. జవాన్లు ముగ్గుర్నీ ఆ పూట వేరేచోటికి పంపారు. గల్లీవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, చూడలేదని చెప్పి వెళ్లారు. రామ్‌చందర్ చెప్పాడు. రాజన్న మెట్ల మీద పడ్డానన్నాడు. గుంజ పక్కన నిలబడ్డ మాణిక్యమ్మ తల వంచుకుంది.

బీరయ్య ముందుకొచ్చాడు. వెనకనుంచి రామ్‌చందర్ అతని కండువా పట్టి లాగాడు. బీరయ్య కండువా అతని చేతిలోనే వదిలేశాడు.

"నేను చూసిన సాబ్. మూడు దెబ్బలు. రాజన్న చెయ్యెత్తలే, తిట్టలే. మళ్లొకసారి కొలువుమన్నడు. గంతే."

పెద్ద సాబ్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"అందరూ చూడలేదన్నరు. నువ్వొక్కనివే చెప్తున్నవ్. ఆ జవానుతోని నీకు దుష్మనీ ఉన్నదా?"

"లేదు సాబ్."

"మరెందుకు?"

"ఆ దినం మాట్లాడాల్సి ఉండె. మాట్లాడలే."

"నీ మాట మీద వాని నౌకరీ పోతది. జైలు గూడ పడొచ్చు. తెల్సా?"

"తెల్సు సాబ్."

మున్షీ కలం సిరాలో ముంచాడు. "జవాను పేరు?"

"నర్సింగ్."

"డ్యూటీల ఇద్దరు నర్సింగ్‌లు ఉండిరి. ఏ నర్సింగ్? తండ్రి పేరు చెప్పు."

బీరయ్య తన పేరే చెప్పాడు.