ఇత్తడి గొట్టంతో పెళ్లిచూపులు

“జేబులో ఏదో గలగలమంది. తీసి ఇక్కడ పెట్టు,” అన్నాడు పొగగొట్టాల కొట్టు నడిపే తేబాన్.

సాంతో జేబులో ఉన్నదంతా గాజు బల్ల మీద పోశాడు. జీప్నీ బండి ఛార్జీకి దాచుకున్న చిల్లర పెసోలు, ఇంటి తాళంచెవి, వాటి మధ్య తొడుగు చిరిగిన ఒక బ్యాటరీ. అప్పటికే బల్ల మీద అతను తెచ్చిన ఇత్తడి గొట్టం ఉంది. దానిలో బ్యాటరీ వేసి, మీట నొక్కి పొగ పీలుస్తారు.

“ఏం చేస్తుంటావు నాయనా?”

“బడిలో లెక్కల మాస్టర్నండి, బాబాయ్.”

“మాస్టరువై ఉండి ఇదేం పని? చిరిగినచోట నాణెం తగిలిందంటే జేబులోనే పొయ్యి అంటుకుంటుంది. పెళ్లి కావలసినవాడివి, కాస్త చూసుకోవద్దూ.”

పెళ్లి మాట వినగానే సాంతో చిల్లర ఏరుకోవడం మొదలుపెట్టాడు. వచ్చింది దానికోసమే మరి. తేబాన్ కూతురు మరిలూ, తనూ రెండేళ్లుగా ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. వచ్చే ఆదివారం అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లి పిల్లనడగాలి. ఇంతకుముందు వచ్చిన ఇద్దరినీ తేబాన్ గుమ్మంలోంచే సాగనంపాడు. ఒకడు బ్యాంకు ఉద్యోగి, ఒకడు నర్సు. ఇద్దరూ ఈయన వ్యాపారాన్ని చిన్నచూపు చూసినవాళ్లే.

“ముందు కొట్లో నాన్నకు నచ్చు. పొగ అలవాటున్నవాడిలా కనిపించు. చెప్పింది శ్రద్ధగా విను, చాలు,” అని మరిలూ నూరిపోసి పంపింది. చెప్పడం తేలికే. సాంతోకు పొగ వాసన తగిలితేనే దగ్గు. ఇత్తడి గొట్టమూ బ్యాటరీ కూడా పక్కింటి ట్రైసికిల్ ఆటో డ్రైవర్ దగ్గర అరువు తెచ్చినవి.

తేబాన్ సామాన్యుడు కాదు. మరికినా ఊళ్లో నోటితో పొగమేఘాలు ఊదే పోటీ పెడితే తీర్పరి ఆయనే. ఎవరి మేఘం ఎన్ని అడుగులు సాగిందో కొలబద్దతో కొలిచి చెబుతాడు. ఆయన మాటకు తిరుగులేదు.

“గుర్తింపు కార్డు చూపించు. ఇరవయ్యొకటి నిండనివాళ్లకు నేను అమ్మను.”

సాంతో కార్డు ఇచ్చాడు. తేబాన్ కళ్లజోడు సవరించుకుని, వయసు చూడటానికి పట్టే సమయం కంటే ఎక్కువసేపే చూసి తిరిగిచ్చాడు.

“ఈ బ్యాటరీ మీద నలభై ఆంపియర్లని రాసుందండి,” అన్నాడు సాంతో, బట్టీపట్టిన పాఠం అప్పజెబుతూ.

“రాసుకోవడానికేం, నా కొట్టు మీద రాజమహల్ అని నేనూ రాసుకోగలను. ఈ సైజులో అంత కరెంటు నిలకడగా ఇచ్చే బ్యాటరీ నేనింతవరకు చూడలేదు. పాతదానికి కొత్త చొక్కా తొడిగి అమ్మారు. సరే, లెక్కల మాస్టరువి కదా, భాగహారం చెయ్యి. నిండా ఛార్జింగు ఉన్నప్పుడు నాలుగు పాయింట్ రెండు వోల్టులు. నీ గొట్టంలో వేడెక్కే తీగచుట్ట...” మీటరు పెట్టి చూశాడు. “పాయింట్ ఒకటి ఓమ్.”

“నలభై రెండు ఆంపియర్లు.”

“ఈ బ్యాటరీ ఇవ్వగలిగేది మహా అయితే ఇరవై. నువ్వు దాన్ని నలభై రెండు అడుగుతున్నావు. గొట్టంలో అడ్డుకునే పరికరం ఏదీ లేదు. బ్రేకుల్లేని జీప్నీ అన్నమాట.”

సాంతో ఇత్తడి గొట్టాన్ని బల్ల మీద దూరంగా జరిపాడు. పక్కింటాయన రోజూ దీన్ని మూతి దగ్గర పెట్టుకుంటాడు.

తేబాన్ అలమరలోంచి ఒక కొత్త పరికరం తీశాడు. “ఇందులో చిన్న సర్క్యూటు ఉంది. షార్టయినా, వేడెక్కినా దానంతటదే ఆగిపోతుంది. ఈ రెండు బ్యాటరీలూ జంట. కలిపే వాడాలి, కలిపే ఛార్జింగు పెట్టాలి. నిద్రపోతూ ఛార్జింగు పెట్టకు. బయటికి తీస్తే ఈ ప్లాస్టిక్ పెట్టెలోనే ఉండాలి, చిల్లరతో కాదు. కొత్త తీగచుట్ట కూడా ఇందులో వేసే ఉంది. ఇక ఒక దమ్ము లాగి చూడు.”

“పెద్దవారు మీరుండగానా? ముందు మీరు కానివ్వండి.”

“పని చేసే చేత్తో నేను నోట్లో పెట్టను. అది నా పద్ధతి. నువ్వు కానీ.”

“మీ చేతి చలవతో మొదలైతే బాగుంటుంది, బాబాయ్.”

“మర్యాదలన్నీ ఇంటి దగ్గర. లాగు.”

పరికరం బల్ల మీద అటూ ఇటూ మూడుసార్లు తిరిగింది. సాంతో దాన్ని పెదవుల దాకా తీసుకెళ్లాడు. పక్కింటాయన ముగ్గురు పిల్లలూ కళ్లముందు మెదిలారు. పెళ్లి ఏమైనా కానీ అనుకుని దాన్ని కిందపెట్టేశాడు.

“ఈ గొట్టం నాది కాదండి, మా పక్కింటాయనది. ఆయనకు పసిపిల్లలున్నారు. దీన్ని తిరిగి ఇవ్వలేను, ఈ కొత్తది ఆయనకే తీసుకెళతాను. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క దమ్ము పీల్చలేదు. మరిలూ కోసం వేషం వేశాను. తప్పయింది.”

తేబాన్ లేచి తలుపు వేసి, ‘మూసి ఉంది’ అన్న బోర్డు తిప్పాడు. అయిపోయింది, రెండేళ్ల ఆశ ఇక్కడితో సరి అనుకున్నాడు సాంతో.

“కార్డు మీద పేరు చూడగానే నువ్వెవరో తెలిసింది. మా ఇంట్లో రోజుకు పదిసార్లు వినబడే పేరే కదా,” అన్నాడు తేబాన్. “ఎంతసేపు నటిస్తావో చూద్దామని ఊరుకున్నాను.”

“ఆదివారం రావద్దంటారా?”

“ఎందుకు రావద్దంటాను? వేరేవాడి పిల్లల కోసం నీ పెళ్లినే పణం పెట్టావు. మీవాళ్లను తీసుకుని భోజనాల వేళకు రా. ఆ గొట్టం మాత్రం ఇక్కడే ఉంటుంది.”

సాంతోకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తేబాన్ తలుపు అద్దాల్లోంచి వీధి అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగాడు.

“అల్లుడివి కాబోతున్నావు గనక నీకొక్కడికే చెబుతున్నాను. మరిలూకి కూడా తెలియదు, పోటీలవాళ్ల చెవిన అసలే పడకూడదు.”

“చెప్పండి, బాబాయ్.”

“నేనూ ఇంతవరకు పీల్చలేదు.”