సెట్టు చెడకూడదు

ముసలావిడ గుమ్మంలో నిలబడి గుడ్డముక్క విప్పి, విరిగిన ఇనుప ముక్క చూపించింది.

"నా కుట్టుమిషన్‌లోది బాబూ. ఇలాంటిది మీ దగ్గరుంటుందని టైలర్లు చెప్పారు."

పడవలా ఉండే పాతకాలపు షటిల్. అది లేకపోతే ఆ మిషన్‌కి కుట్టు పడదు. బజారులో దొరకడం మానేసి చాలా కాలమైంది.

వీధిలో అందరూ 'మిషన్లాయన' అని పిలిచే ఆ ఇంటాయన దగ్గర మాత్రం ఉంది. హాలు నిండా పాత మిషన్లే. అలాంటి మిషనే తొక్కి అక్క అతన్ని పెంచి పెద్దచేసింది. వాటి మీద పిచ్చి అక్కడే పట్టుకుంది. ఇప్పుడు అక్కకి మనుషులు గుర్తులేరు. ఓ మూల కూర్చుని మిషన్ చక్రం తిప్పుతూ ఉంటుంది.

"ఉంది మామ్మగారూ, కానీ ఇవ్వను. తీస్తే సెట్టు చెడిపోతుంది."

"దాంతో మీరు కుడతారా?"

"కుట్టడమా! నూనె వేస్తాం, తుడుస్తాం, చూసి మురిసిపోతాం."

"పోనీ మీ మిషన్ మీదే కాసేపు కుట్టుకోనా బాబూ? అర్జెంటు పని."

"ఈ వయసులో మీకు అర్జెంటేమిటండీ?" నవ్వాడు.

"నాక్కాదు. వాళ్ళకి."

ఆవిడ ఇంకేదో చెప్పబోతుంటే తలుపు మూసేశాడు. షటిల్ భద్రంగా ఉందో లేదోనని లోపలి గదిలోకి పరుగెత్తాడు. ఉంది. ప్రాణం లేచొచ్చింది.

ఆ హడావిడిలో గడియ పెట్టడం మరిచాడు. తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. అక్క లేదు.

"ఏవండీ, వదిన ఏదీ?" అంది భార్య.

ఊరంతా జల్లెడ పట్టారు. వారం తిరక్కుండా ఆసుపత్రి శవాల గది నుంచి కబురొచ్చింది. రోడ్డు పక్కన పడి ఉందట.

దారి పొడుగునా అతనికి ఒకటే దిగులు. ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి ఒంటిమీద నూలుపోగైనా ఉందో లేదో!

అక్కడి ఉద్యోగి దుప్పటి తొలగించాడు.

మెడ నుంచి పాదాల దాకా శుభ్రమైన తెల్ల గౌను. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి, గౌనుకి ఒకవైపు చెయ్యి లేదు. అయినా ఒళ్ళు కప్పింది. అతను భోరుమన్నాడు.

"ఎవరు తొడిగారు బాబూ?"

"తీసుకెళ్ళడానికి ఎవరూ రాని ఆడవాళ్ళని ఇదివరకు గోనెలో చుట్టి పంపేసేవాళ్ళం సార్. ఓ మామ్మ చూడలేకపోయింది. అప్పట్నుంచీ తనే గౌను కుట్టి తెచ్చి తొడుగుతుంది. మిషన్ చెడిపోయిందట, పాపం ఇది చేత్తోనే కుట్టింది."

"ఎక్కడుంటారావిడ? కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను!"

"బయటే ఉంది సార్. ఇంకొకరికి కుడుతోంది."

వరండాలో, సూదిలోకి దారం ఎక్కక తంటాలు పడుతున్న ముసలావిడ అతని అడుగుల చప్పుడుకి తలెత్తి, "మీ మనిషా బాబూ? గౌనుకి ఒక చెయ్యి అతకడం కాలేదు, ఏమీ అనుకోకండి" అంది.